కూకట్‌పల్లి ప్రైవేట్ థియేటర్లో జోకర్లు: వీడియో ఆర్ట్ చూడ్డానికి ఆ హాలు పనికొస్తుందా?

కూకట్‌పల్లి, మాదాపూర్, దిల్‌సుఖ్‌నగర్... ఇప్పుడు హైదరాబాద్‌లో ఎటు వెళ్ళినా ఏదో ఒక బిల్డింగు పై అంతస్తులో ప్రైవేట్ థియేటర్ బోర్డు కనిపిస్తోంది. గంటల లెక్కన అద్దెకిస్తారు. పెద్ద తెర, చుట్టూ స్పీకర్లు, వెనక్కి వాలే సోఫాలు, గోడకి బెలూన్లు, పేరు వెలిగే లైటు అక్షరాలు. వీటి రివ్యూలు చదివితే కేక్ బాగుందని, ఫోటోలు బాగా వచ్చాయని, స్టాఫ్ మర్యాదగా ఉన్నారని ఉంటుంది. అవి పుట్టినరోజు చేసుకునేవాళ్ళకి పనికొస్తాయి. నేను ఇంకొకరి కోసం రాస్తున్నాను. వీడియో ఆర్ట్‌ని, అంటే కళాకారులు గ్యాలరీల్లో చూపించడానికి చేసే వీడియోల్ని, ఫోన్లో కాకుండా, దానికి తగ్గ సైజులో, తగ్గ శబ్దంతో చూడాలని ఉండి, చోటు దొరక్క తిరిగేవాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళకోసం.

నేను ఎడిటర్‌ని. కృష్ణానగర్‌లో ఉంటాను. రోజూ చేసేది పెళ్ళి వీడియోలు. శనివారాలు కొందరు ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి ఎడిటింగ్ చెప్తాను. వాళ్ళలో ఒకమ్మాయి అడిగిన ప్రశ్నే మమ్మల్ని కూకట్‌పల్లిలో అలాంటి ఒక హాలు దాకా తీసుకెళ్ళింది: "అక్కా, వీడియో ఆర్ట్‌లో ఇంతమంది జోకర్లు ఎందుకున్నారు?"

నిజంగానే ఉన్నారు. అమెరికా కళాకారుడు బ్రూస్ నౌమన్ 1987లో చేసిన 'క్లౌన్ టార్చర్' (జోకర్ చిత్రహింస) ఉంది. ఊగో రొండినోనే 1996లో చేసిన 'వేర్ డు వి గో ఫ్రమ్ హియర్' ఉంది. పాల్ మెకార్తీ 1995లో 'పెయింటర్' అనే వీడియోలో ఉబ్బిన రబ్బరు ముక్కు, పెద్ద పెద్ద రబ్బరు చేతులు తగిలించుకుని చిత్రకారుణ్ణే బఫూన్‌గా చేశాడు. ఫోటోల్లో చూస్తే సిండీ షెర్మన్ 2003–04లో తనే రకరకాల జోకర్ వేషాలు కట్టి ఒక వరసంతా తీసింది. ఇవి మన ఊళ్ళో గ్యాలరీకెళ్ళి చూసే వీలు లేదు. నౌమన్‌ది షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఉంది. మనకి ఆన్‌లైన్లో దొరికేవి మ్యూజియం గదుల్లో తీసిన డాక్యుమెంటేషన్ ముక్కలే. ఆ ముక్కల్నైనా మనిషంత ఎత్తున చూడాలని మా కోరిక.

ముందు ఖర్చు చెప్తాను. శనివారం సాయంత్రం స్లాట్ మూడు గంటలకి 1,800 రూపాయలు. ఆరుగురి దాకా అదే రేటు, ఆపైన మనిషికి 200. డెకరేషన్ వద్దంటే ఏమీ తగ్గించరు, అది ప్యాకేజీలోనే ఉందంటారు. ఇది నాకు నచ్చలేదు. వద్దన్నదానికి డబ్బు తీసుకోకూడదు. తినేవి బయటినుంచి తెచ్చుకోనివ్వరు, నీళ్ళ సీసాలు మాత్రం ఏమీ అనరు. టీ బాగుంది.

వీడియో ఆర్ట్‌కి మొట్టమొదట కావలసింది చీకటి. ఈ హాల్లో సీలింగ్ చుట్టూ రంగులు మారే లైటు పట్టీ ఉంది, రిమోట్‌తో రంగు మారుతుందే గానీ పూర్తిగా ఆరదు. తెర నల్లగా అయినప్పుడల్లా గది గులాబీరంగులో తేలుతుంది. అక్కడ పనిచేసే కుర్రాడికి చెప్తే స్టూలేసుకుని ఎక్కి ప్లగ్గే పీకేశాడు. ఆ తర్వాత చీకటి నిఖార్సుగా ఉంది. తెర శుభ్రంగా ఉంది, అంచులు వంగలేదు, నలుపు నలుపుగానే వచ్చింది. ఆ డబ్బుకి ఈ బొమ్మ చాలా మంచిదని నా వృత్తిమీద ఒట్టేసి చెప్తాను.

రెండోది లూపు, అంటే వీడియో అయిపోగానే ఆగకుండా మళ్ళీ మొదటినుంచి తిరగడం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే జోకర్ల సంగతంతా దీన్లోనే ఉంది.

మా పనిలో లూపు రోజూ ఉంటుంది. రిసెప్షన్లో స్టేజి పక్కన ఎల్‌ఈడీ గోడమీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వీడియో తిరుగుతూ ఉంటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చూసేవాళ్ళు ఉండరు. అక్షింతలు వెయ్యడానికి లైన్లో నిలబడ్డప్పుడు మధ్యలో చూస్తారు, మధ్యలో వదిలేస్తారు. అందుకే ఆ వీడియోకి మొదలూ చివరా కనపడకుండా కొయ్యాలి. చివరి ఫ్రేమునీ మొదటి ఫ్రేమునీ ఎక్కడ కలిపానో తెలిస్తే నా పని చెడిపోయినట్టే. గ్యాలరీలో వీడియో ఆర్ట్ కూడా అంతే. టికెట్టు కొని మొదటి ఆటకి వెళ్ళి కూర్చునేది కాదు. తలుపు తీసుకుని లోపలికెళ్ళేసరికి ఏదో జరుగుతూ ఉంటుంది, మనం బయటికొచ్చేశాక కూడా జరుగుతూనే ఉంటుంది.

హాలువాళ్ళ సొంత ప్లేయరులో పెన్‌డ్రైవ్ పెడితే, వీడియో అయిపోయిన ప్రతిసారీ ఒక క్షణం నల్లతెర వచ్చి, ప్లేయరు కంపెనీ బొమ్మ కనబడి, మళ్ళీ మొదలవుతుంది. సినిమాకి దాంతో నష్టం లేదు. నౌమన్‌కి అది ప్రాణం తియ్యడమే. కుర్రాణ్ణి అడిగితే తెర వెనకనుంచి హెచ్‌డీఎంఐ వైరు లాగి నా లాప్‌టాప్‌కి తగిలించాడు. అప్పట్నుంచి లూపు అతుకు తెలీకుండా తిరిగింది. మీరు వెళ్తే బుక్ చేసేటప్పుడే ఈ వైరు సంగతి అడగండి. అన్ని హాళ్ళలోనూ ఒప్పుకోరు.

ఇప్పుడు 'క్లౌన్ టార్చర్'. అసలు కళాకృతి ఎలా ఉంటుందంటే, చీకటి గదిలో నాలుగు మానిటర్లు, ఎదురెదురు గోడలమీద రెండు పెద్ద ప్రొజెక్షన్లు. ఆరింటి శబ్దం ఒకేసారి వస్తుంది. కొన్ని బొమ్మలు పక్కకి తిరిగో తలకిందులుగానో ఉంటాయి. వాల్టర్ స్టీవెన్స్ అనే నటుడు వేసిన జోకర్లు ఒక్కొక్కరు ఒక్కో కష్టంలో ఉంటారు. ఒకడు తలుపు తీస్తే పైనుంచి బకెట్టు నీళ్ళు నెత్తిమీద పడతాయి. మళ్ళీ తీస్తాడు, మళ్ళీ పడతాయి. ఒకడు చేపపిల్లల గాజుగిన్నెని చీపురుకర్రతో సీలింగుకి అదిమిపెట్టి నిలబడతాడు, వదిలితే పగులుతుంది, వదలకపోతే కదల్లేడు. ఒకడు నేలమీద పడి కాళ్ళు కొట్టుకుంటూ "నో, నో, నో" అని అరుస్తూనే ఉంటాడు.

ఇంకొకడు ఒక చిక్కుకథ చెప్తాడు. పీట్, రిపీట్ అని ఇద్దరు కంచెమీద కూర్చున్నారు. పీట్ కిందపడ్డాడు. ఎవరు మిగిలారు? రిపీట్. ఆ మాట నోట్లోంచి రాగానే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి, ఎందుకంటే రిపీట్ అంటే మళ్ళీ చెప్పమనేగా. చెప్తాడు. మళ్ళీ అక్కడికే వస్తాడు. నవ్వుతూ మొదలుపెట్టినవాడు కాసేపటికి బతిమాలే గొంతుతో చెప్తాడు, ఆ తర్వాత భయంతో చెప్తాడు.

దీన్ని పిల్లలకి విడమరచాల్సిన పని పడలేదు. మనందరికీ చిన్నప్పుడు ఎవరో ఒకరు పెట్టిన కథే ఇది. పేదరాశి పెద్దమ్మ సూది బావిలో పడింది. ఊఁ. ఊఁ అంటే వస్తుందా? ఏమో. ఏమో అంటే వస్తుందా? వినేవాడు ఏడుపు లంకించుకునేదాకా నడిచే కథ. మా క్లాసులో ఒకబ్బాయి ఇక్కడ ఒక మాటన్నాడు, అది నాకు చాలా నచ్చింది. మన కథలో ఇరుక్కునేది వినేవాడు, చెప్పే తాతయ్య హాయిగా నవ్వుతుంటాడు. నౌమన్ దాంట్లో ఇరుక్కున్నది చెప్పేవాడు. ఎదురుగా వినేవాడు లేడు, ఆపెయ్యమని చెప్పేవాడూ లేడు.

హాల్లో దీన్ని ఎలా పెట్టామో చెప్తాను, మీరూ చెయ్యొచ్చు. దొరికిన ముక్కల్లో బకెట్టు జోకర్ని పెద్ద తెరమీద వేశాం. మిగతావి పిల్లల నాలుగు లాప్‌టాప్‌ల్లో వేసి సోఫాల మధ్య పెట్టాం, ఒకదాన్ని అడ్డంగా పడుకోబెట్టాం. అన్నీ లూపులో, అన్నిటి శబ్దమూ పూర్తిగా పెంచి. అసలు కళాకృతికి ఇది నకలు అననుగానీ, ఆ గదిలోకి అడుగుపెడితే ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. ఎటు తిరిగినా ఇంకొకడు వెనకనుంచి అరుస్తుంటాడు. ఒకణ్ణి చూస్తుంటే మిగతావాళ్ళని వదిలేసినట్టు అనిపిస్తుంది. ఇది ఫోన్లో రాదు. ఎన్నిసార్లు చూసినా రాదు.

గోడలకి వేసిన స్పాంజి, తివాచీ ఈ మోతని బాగా మింగాయి, గదిలో ప్రతిధ్వని లేదు. అయినా కాసేపటికి కుర్రాడు తలుపు కొట్టాడు. "మేడమ్, ఏమన్న అయిందా? ఎవరో ఒర్లుతున్నరని బయట అడుగుతున్రు." వీడియో అని చెప్పాం. లోపలికొచ్చి నిలబడి, నేలమీద కొట్టుకుంటున్నవాణ్ణి చూశాడు. "ఇగ ఆపరా ఇది?" అన్నాడు. వీడియో ఆపమని నాకు చెప్పాడనుకున్నారు పిల్లలు. కాదు, ఆ జోకర్ని అట్లా ఎందుకు వదిలేశారని అడిగాడు. నౌమన్ గురించి నేను చదివిన వ్యాసాలు చాలావాటికన్నా ఈ ప్రశ్న సూటిగా ఉంది.

సర్కస్‌లో జోకర్ ఎప్పుడొస్తాడు? ఊయల ఆటకి వల కట్టేటప్పుడు, ఒక అంశం సామాన్లు తీసి ఇంకోదానివి పెట్టేటప్పుడు. జనం లేచి వెళ్ళిపోకుండా ఆ ఖాళీని నింపడం అతని ఉద్యోగం. వల బిగించడం అయిపోగానే అతను డేరా తెర వెనక్కి పోవచ్చు. మన తోలుబొమ్మలాటలోనూ అంతే. రాత్రంతా నడిచే రామాయణమో భారతమో ఒక చోట బరువెక్కగానే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి దూకుతారు. ఆ ఊరి సంగతులు మాట్లాడతారు, పచ్చిగా తిట్టుకుంటారు, తన్నుకుంటారు. నిద్రకి తూగేవాళ్ళు లేచి కూర్చుంటారు. ఆపైన వాళ్ళు తప్పుకుంటే రావణుడో ధర్మరాజో వస్తాడు. జోకర్ తన్నులు తినడం మనకి నవ్వొచ్చేది అందుకే. వాడి వంతు కాసేపేనని, ఆ తర్వాత వాడు వెళ్ళి కూర్చుంటాడని మనకి తెలుసు.

వీడియో లూపు ఆ వెళ్ళిపోయే దారిని మూసేసింది. వల బిగించడం ఎప్పటికీ అయిపోదు. రావణుడు రాడు. మధ్యలో ఖాళీ నింపడానికి వచ్చినవాడికి ఆ ఖాళీయే మొత్తం ఆట అయిపోయింది. వీడియో కళాకారులు జోకర్ని ఇంతగా పట్టుకోవడానికి నాకు కనపడే కారణం ఇదే. సినిమాలవాళ్ళు చెప్పే ముసుగు వెనక కన్నీళ్ళు, భయపెట్టే తెల్లమొహం అవన్నీ పాతవి, వేదిక మీద కూడా ఉన్నవే. ఆపే దిక్కులేని యంత్రంలో మనిషిని పెట్టి చూడాలంటే మాత్రం, ఎప్పుడు వెళ్ళిపోవాలో తెలిసుండడమే వృత్తిగా ఉన్నవాణ్ణి పెట్టడంకన్నా బలమైన పని లేదు.

తెల్లమొహం గురించి మా పక్కింటి మేకప్ బాబాయ్ చెప్పింది కూడా రాయాలి. ఆయన కృష్ణానగర్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉన్న మనిషి, మాతో హాలుకి వచ్చాడు. నౌమన్ 1967–68లో తీసిన 'ఆర్ట్ మేకప్' ముక్క వేశాను. చొక్కా లేకుండా కెమెరా ముందు కూర్చుని వేళ్ళతో మొహానికీ ఒంటికీ రంగు పూసుకుంటాడు, అంతే. మొత్తం నాలుగు ఫిల్ములు, ఒక్కోటి పది నిమిషాలు. మొదట తెలుపు, దానిమీద గులాబీ, ఆకుపచ్చ, చివరికి నలుపు. బాబాయ్ తెర దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. "చూడమ్మాయ్, తెల్ల బేసు కనుబొమలమీంచి లాగేశాడు. కనుబొమలు పోయాయంటే వాడికి కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో ఎదుటివాడికి తెలీదు. మేమైతే అందుకే పైన మళ్ళీ గీస్తాం, ఇంత లావున. నవ్వు కావాలంటే నవ్వు గీస్తాం." మళ్ళీ 'క్లౌన్ టార్చర్' దగ్గరికి వెళ్ళి చూస్తే, గీసిన మూతి ఒకటి చెప్తోంది, కింద అసలు మూతి ఇంకోటి చెప్తోంది. రెండూ ఒకేసారి కనపడతాయి. అంత పెద్ద తెరమీద, పెదవి అంచు దాటి పూసిన రంగు చివర ఎక్కడో కూడా తెలుస్తుంది. పిల్లలు దీన్ని ఫోన్లో అప్పటికే చూసి ఉన్నారు, ఒక్కరూ గమనించలేదు.

హాలు ఎక్కడ ఫెయిలయిందో ఇక చెప్తాను.

రొండినోనే స్విట్జర్లాండ్‌లో పుట్టిన కళాకారుడు. అతని జోకర్లు ఏమీ చెయ్యరు. నేలమీద పడుకుంటారు, గోడకి జారగిలబడతారు, బరువైన ఒళ్ళు, మూసుకుపోయే కళ్ళు. పొట్ట పైకీ కిందకీ ఆడడం చూస్తూ కూర్చోవాలి. నవ్వించమని మనం ఎదురుచూస్తాం, వాళ్ళు ఊపిరి పీలుస్తారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి అతనే 'వొకాబ్యులరీ ఆఫ్ సాలిట్యూడ్' అని 45 మంది నిలువెత్తు జోకర్ల శిల్పాలు చేశాడు, కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళు, పడుకున్నవాళ్ళు. ఒక్కో శిల్పానికి పేరు, ఒంటరి మనిషి రోజులో చేసే ఒక్కో పని: ఊపిరి తియ్యడం, వండుకోవడం, ఏడవడం, ఆవలించడం. అది వీడియో కాదు, ఫోటోలే చూపించాను.

రొండినోనే వీడియో చూడాలంటే నిశ్శబ్దం కావాలి. సరిగ్గా అప్పుడే పక్క హాల్లో పార్టీ మొదలైంది. పాట వినపడలేదు, డప్పు మాత్రం గోడలోంచి, సోఫాలోంచి వీపుకి తగిలింది. స్పాంజి గొంతుల్ని ఆపుతుంది, డప్పులాంటి కింది స్వరాల్ని ఆపదు. రెండు హాళ్ళ మధ్య ఒకటే సన్నటి గోడ కట్టి పైన స్పాంజి అంటిస్తే ఇలాగే ఉంటుంది. నౌమన్ మోతలో ఇది తెలీలేదు, రొండినోనే దగ్గర ఆట మొత్తం పోయింది. పడుకున్న మనిషి ఊపిరిని పక్కింటి పెళ్ళిడప్పుతో చూడలేం. మేనేజర్ని అడిగితే శని, ఆదివారాలు తను చేసేదేమీ లేదన్నాడు. నిజమే, పక్కవాళ్ళూ డబ్బు కట్టినవాళ్ళే. కానీ బుకింగ్ పేజీలో సౌండ్‌ప్రూఫ్ అని రాసుకోవడం మాత్రం సరికాదు, అది తీసెయ్యాలి.

సోఫాల గురించి ఒక మాట. అవి పూర్తిగా వెనక్కి వాలతాయి. సినిమాకి సుఖం. నౌమన్‌కి వద్దు, లేచి తిరగాలి, అందుకే వెనక వరస గోడకి జరపమంటే జరిపారు. రొండినోనేకి మాత్రం వాలే సోఫా చక్కగా కుదిరింది. తెరమీద వాళ్ళూ పడుకున్నారు, ఇక్కడ మనమూ పడుకున్నాం, ఎవరు ఎవరిని అలరించాలో తేలదు. డప్పు లేకపోతే ఆ పది నిమిషాలకే మొత్తం డబ్బు గిట్టుబాటు అయ్యేది.

మెకార్తీ 'పెయింటర్' వెయ్యలేదు. యాభై నిమిషాల వీడియో, ముక్కలుగా చూపిస్తే దాని తిక్క ఏమిటో అర్థం కాదు, పైగా అది పిల్లలముందు అందరం కలిసి కూర్చుని చూసేది కాదు.

మన కేతిగాణ్ణి ఎవరైనా వీడియోలోకి తేవాలి. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు. వెనకనుంచి దీపం, ముందు తెల్లబట్ట, రంగు తోలులోంచి వచ్చే వెలుగు... ప్రొజెక్షన్‌కి ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. రాముడు రాని రామాయణంలో కేతిగాడూ బంగారక్కా తెల్లారేదాకా ఇద్దరే తెరమీద ఉండిపోతే ఏం మాట్లాడుకుంటారు? మా క్లాసులో ఇద్దరికి ఇదే పని ఇచ్చాను. ఎడిటింగ్ నేను చెయ్యను, వాళ్ళే చెయ్యాలి.

మొత్తమ్మీద, అయిదుకి మూడున్నర ఇస్తాను. బొమ్మకీ చీకటికీ పూర్తి మార్కులు. అడిగినదల్లా విసుక్కోకుండా చేసిన ఆ కుర్రాడికి ప్రత్యేకంగా. డెకరేషన్ డబ్బుకి, సౌండ్‌ప్రూఫ్ అన్న మాటకి కోత. గట్టిగా మోగే వీడియోలైతే ఏ రోజు స్లాటైనా తీసుకోండి. నిశ్శబ్దంగా ఉండే వీడియోలైతే వారం మధ్యలో ఉదయం స్లాట్ అడగండి, అప్పుడు పక్క హాళ్ళు ఖాళీగా ఉంటాయని చెప్పారు, రేటు కూడా 1,200కి వస్తుంది. పొడుగు హెచ్‌డీఎంఐ వైరు మీదే పట్టుకెళ్ళండి, వాళ్ళది లాప్‌టాప్ దాకా సరిగ్గా అందదు. మేము వచ్చే నెల బుధవారం పొద్దున్నకి బుక్ చేశాం. రొండినోనే మొదట, నౌమన్ చివర.